లోచ్ చేపల ఒంటి మీద చారలు, మచ్చలు మారుతున్నప్పుడు ఏం చేయాలి? విజయవాడ, గుంటూరు పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

ట్యాంకు అడుగున తిరిగే అక్వేరియం చేప అయిన లోచ్‌ను తెచ్చిన కొన్ని నెలలకు దాని ఒంటి మీది చారలు మొదట ఉన్నట్టు లేవని గమనించినవారికి సాధారణంగా రెండు అనుమానాలు వస్తాయి. చేపకు జబ్బు చేసిందేమోనన్నది ఒకటి, దుకాణంలో వేరే రకాన్ని అంటగట్టారేమోనన్నది రెండోది. చాలా సందర్భాలలో ఈ రెండూ నిజం కావు, ఎందుకంటే లోచ్‌లలో అనేక రకాలకు వయసుతోపాటు చారలు చీలడం, కలవడం, చుక్కలుగా విడిపోవడం సహజ లక్షణం. అయితే కొన్ని మార్పులు జబ్బుకు తొలి సూచనలే, వాటిని ఒకటి రెండు రోజులు ఉపేక్షిస్తే చేప దక్కదు. ఈ రెండు కోవలనూ వేరు చేయడానికి అన్నిటికంటే నమ్మదగిన ఆధారం, ఆ మార్పు ఎంత వేగంగా వచ్చిందన్నదే. నిమిషాలలో వచ్చి పోయేది నరాల పని. నెలల తరబడి సాగేది ఎదుగుదల. ఒకటి రెండు రోజులలో వచ్చి నిలిచిపోయేది చాలావరకు నీటి దోషమో, గాయమో, చర్మవ్యాధో అయి ఉంటుంది. కింది మెట్లన్నీ ఈ విభజన మీదే ఆధారపడి ఉన్నాయి, మందు సీసా మూత తీయడం వీటిలో చివరికి వస్తుంది.

మొదటి మెట్టు: మీ దగ్గరున్నది ఏ లోచో తేల్చుకోండి

మన దుకాణాలలో ఎక్కువగా కనిపించేవి క్లౌన్, యోయో, జీబ్రా, కుహ్లీ లోచ్‌లు. అప్పుడప్పుడు క్వీన్ లోచ్ లేక బెంగాల్ లోచ్ అనే బోషియా డారియో, పోల్కా డాట్ లోచ్ అనే బోషియా కుబోటాయ్ కూడా వస్తాయి. వీటిలో ఏది ఎంత మారుతుందో ముందే తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

క్లౌన్ లోచ్ శాస్త్రీయ నామం క్రోమోబోషియా మాక్రకాంతస్. దీనిని 1852లో డచ్ శాస్త్రవేత్త బ్లీకర్ వర్ణించాడు, స్వస్థలం సుమత్రా, బోర్నియో దీవులు. నారింజ రంగు ఒంటి మీద మూడు వెడల్పాటి నల్ల పట్టీలు ఉంటాయి: ఒకటి కంటి మీదుగా, రెండోది వీపు రెక్కకు ముందు, మూడోది తోక మొదట్లో. ఈ పట్టీల అమరిక వయసుతో పెద్దగా మారదు, రంగు మాత్రం పెద్ద చేపలలో కొంత మందగిస్తుంది. పొట్ట రెక్కలు పూర్తిగా నారింజ రంగులో ఉంటే అది సుమత్రా చేప అనీ, నారింజతోపాటు నలుపు కూడా ఉంటే బోర్నియో చేప అనీ సాధారణంగా గుర్తిస్తారు. అందువల్ల ఒకే ట్యాంకులోని రెండు క్లౌన్ లోచ్‌ల రెక్కల రంగులో తేడా ఉంటే దానిని జబ్బుగా భావించకూడదు.

యోయో లోచ్ అంటే బోషియా అల్మోరే. పిల్లగా ఉన్నప్పుడు దీని నల్ల చారలు రోమన్ లిపిలోని వై, ఓ అక్షరాల ఆకారంలో వరుసగా కనిపిస్తాయి కనుకనే వ్యాపారంలో ఆ పేరు స్థిరపడింది. ఎదిగే కొద్దీ ఆ అక్షరాలు చెదిరి, అడ్డుగీతలతో కలిసి వలలా అవుతాయి. బోషియా కుబోటాయ్‌లో ఈ మార్పు ఇంకా ఎక్కువ, పిల్ల చేపనూ పెద్ద చేపనూ పక్కపక్కన పెడితే ఒకే జాతి అని నమ్మడం కష్టం.

జీబ్రా లోచ్ మీద మన ప్రాంతపువారికి ప్రత్యేకమైన మమకారం ఉండాలని నా అభిప్రాయం. బోషియా స్ట్రయేటా అనే ఈ చేప పడమటి కనుమలకు మాత్రమే పరిమితం. జంతుశాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు 1920లో తుంగ నదిలో దొరికిన చేపల ఆధారంగా దీనిని వర్ణించారు. ఆ తుంగ భద్రతో కలిసి తుంగభద్రగా కృష్ణలో చేరి, చివరకు మన ప్రకాశం బ్యారేజీ దాటి సముద్రానికి పోతుంది. అంటే కృష్ణ ఎగువ పాయలలో పుట్టిన జీవి ఇది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది కనుక దీన్ని పెంచేవారు ఒక్క చేప కూడా నిర్లక్ష్యంతో పోకుండా చూసుకోవాలి. దీని సన్న చారలు కూడా వయసుతో చీలుతూ, మధ్యలో కొత్త గీతలు పుట్టిస్తూ ఉంటాయి.

కుహ్లీ లోచ్ చారలు ఒక్కో చేపకు ఒక్కో రకంగా ఉంటాయి. ఎదుగుదలతో వాటిలో వచ్చే మార్పు తక్కువ కనుక వాటి విషయంలో హఠాత్తుగా కనిపించిన మచ్చను ఎక్కువ శ్రద్ధతో చూడాలి.

రెండో మెట్టు: పోల్చుకోవడానికి ఫొటోలు సిద్ధం చేసుకోండి

జ్ఞాపకం మీద ఆధారపడి చార మారిందని నిర్ణయించడం ప్రమాదకరం. చేపను తెచ్చిన వారంలోనే ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి చొప్పున స్పష్టమైన ఫొటోలు తీసి, తేదీతోనూ ఆనాటి నీటి ఉష్ణోగ్రతతోనూ భద్రపరచండి. లోచ్‌ల రెండు పక్కల చారలు సాధారణంగా ఒకదానికొకటి సరిపోలవు. ఈ సంగతి తెలియక ఒకరోజు ఎడమ వైపు, మరోరోజు కుడి వైపు చూసి మచ్చ మాయమైందని భ్రమపడేవారు చాలామంది ఉన్నారు.

ఫొటో తీసే వేళ కూడా ముఖ్యం. రాత్రి చీకటిలో లోచ్‌ల రంగు సహజంగానే పాలిపోతుంది, లైటు వేసిన వెంటనే తీస్తే పట్టీలు వెలిసినట్టు కనిపిస్తాయి. లైటు వేసి కనీసం ఒక గంట గడిచాక, మేత బిళ్లను ముందు అద్దానికి దగ్గరగా వేసి, చేపలు గుమిగూడినప్పుడు తీయడం మంచిది. ఫ్లాష్ వాడితే చేప బెదిరి రంగు మార్చుకుంటుంది. నీలం, ఎరుపు కలిసిన ఎల్ఈడీ దీపాల కింద నారింజ రంగు ఎబ్బెట్టుగా మారుతుంది కనుక ప్రతిసారీ ఒకే తెల్లని వెలుతురు వాడండి. నెలకు ఒకసారి ఇలా తీసుకుంటే చాలు. ఆరు నెలల ఫొటోలను వరుసగా చూసినప్పుడు చార ఎక్కడ చీలిందో, చుక్క ఎక్కడ పుట్టిందో చూసిన కంటికి సందేహం మిగలదు.

మూడో మెట్టు: నిమిషాలలో వచ్చే మార్పును గుర్తించండి

చేప చర్మంలో మెలనోఫోర్లు అనే నల్ల రంగు కణాలు ఉంటాయి. వాటిలోని రంగు రేణువులు కణమంతా పరచుకుంటే ఆ చోటు నల్లగా, నడిమికి ముడుచుకుంటే పాలిపోయి కనిపిస్తుంది. ఈ కదలికను నరాలు, హార్మోన్లు నడిపిస్తాయి కనుక చేప భయపడినా, పోట్లాడినా క్షణాలలో, నిమిషాలలో రంగు మారగలదు. కణాల సంఖ్యే పెరగడం తరగడం వల్ల వచ్చే మార్పు వేరు, దానికి రోజులు, వారాలు పడతాయి.

క్లౌన్ లోచ్‌లలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. గుంపులో పెద్దరికం కోసం రెండు చేపలు తలపడినప్పుడు వాటి నల్ల పట్టీలు బూడిద రంగుకు దిగి, నారింజ భాగం మసిబారి, చేప మొత్తం ఒకే రంగులో ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కోసారి ట్యాంకులోంచి టిక్కు టిక్కుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది. పోరు ముగిశాక రంగు తిరిగి వస్తుంది. యోయో లోచ్‌లు కూడా తగవులాడేటప్పుడు ఇలాగే రంగు మార్చుకుంటాయి. ఈ సమయంలో చేయవలసిందల్లా చూస్తూ ఉండడమే, నీళ్లు మార్చడమూ చేపను వలతో పట్టడమూ కొత్త బెదురును తెచ్చిపెడతాయి. క్లౌన్ లోచ్ ఒక పక్కకు ఒరిగి పడుకోవడం కూడా దాని సహజ అలవాటు. పట్టీలు నల్లగా ఉండి, శ్వాస నిదానంగా సాగుతూ ఉంటే దానిని కదిలించవలసిన అవసరం లేదు.

బూడిద రంగు పూట గడిచినా పోకపోతే మాత్రం కారణం వెతకాలి. ఒంటరిగా లేక రెండు మూడు మాత్రమే ఉన్న లోచ్‌లు తరచుగా పాలిపోయి ఉంటాయి. ఇవి గుంపుగా బతికే చేపలు, కనీసం ఐదారు ఉండాలి. దాక్కోవడానికి చోటు లేకపోవడం, ట్యాంకు అడుగున తెల్ల మార్బుల్ రాళ్లు పరచడం కూడా రంగు వెలవెలబోవడానికి కారణాలు. తెల్లని అడుగు మీద చేప తన రంగును పలచన చేసుకుంటుంది, ముదురు రంగు ఇసుక మీద చిక్కబరుచుకుంటుంది. కృష్ణ ఇసుకను సన్నగా జల్లించి, తేట నీరు వచ్చేదాకా కడిగి వాడితే రంగూ నిలుస్తుంది, అడుగును తవ్వే ఈ చేపల మీసాలూ ఒరుసుకుపోకుండా ఉంటాయి. గరుకు రేణువులున్న ఇసుక పనికిరాదు.

నాలుగో మెట్టు: నెలల మీద సాగే మార్పును అర్థం చేసుకోండి

చేప ఎదుగుతుంటే చారలు ఎందుకు చీలుతాయన్న ప్రశ్నకు మంచి సమాధానమే ఉంది. రెండు రసాయనాలు ఒకదానినొకటి ప్రేరేపిస్తూ, అణచుతూ వ్యాపించినప్పుడు వాటంతట అవే చారలు, చుక్కలు ఏర్పడగలవని గణితవేత్త అలన్ ట్యూరింగ్ 1952లో ప్రతిపాదించాడు. జపాన్ శాస్త్రవేత్తలు కొందో, అసాయ్ 1995లో సముద్రపు ఏంజెల్ చేపలను గమనించి, చేప పెరిగినా చారల మధ్య దూరం దాదాపు అంతే ఉండేలా కొత్త చారలు మధ్యలో పుట్టడాన్నీ, పాత చారలు చీలడాన్నీ చూపించారు. వారు పరిశీలించినవి లోచ్‌లు కావు. అయినా జీబ్రా, యోయో లోచ్‌ల ఫొటోలను వరుసగా చూసేవారికి ఆ తీరు కళ్లకు కడుతుంది: నేల వెడల్పైన కొద్దీ ముగ్గులో కొత్త గీతలు కలిపినట్టు, ఒళ్లు పెరిగిన కొద్దీ ఖాళీ అయిన చోట కొత్త గీత పుడుతుంది.

ఈ కోవకు చెందిన మార్పుకు కొన్ని గుర్తులు ఉన్నాయి. గీత అంచు స్పష్టంగా ఉంటుంది, చర్మం నునుపుగా ఉంటుంది, పొలుసు లేచినట్టు గాని, దూది అంటినట్టు గాని ఉండదు. చేప తింటుంది, తవ్వుతుంది, తోటి చేపలతో తిరుగుతుంది. మార్పు ఒక ఫొటోకూ మరుసటి నెల ఫొటోకూ మధ్య కొద్దిగానే ఉంటుంది. ఇవన్నీ సరిపోతే ఏ మందూ అవసరం లేదు.

నారింజ, పసుపు రంగులు మెల్లగా తగ్గుతుంటే మేతను చూడండి. ఆ రంగులకు ఆధారమైన కెరోటినాయిడ్లను చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే పొందాలి. స్పిరులినా అనే నాచు కలిసిన బిళ్లలు, ఉడికించి సన్నగా తరిగిన రొయ్య ముక్కలు వారంలో రెండు మూడు సార్లు ఇస్తే కొన్ని వారాలలో తేడా కనిపిస్తుంది. రొయ్యలకు కొదవలేని ప్రాంతంలో ఇది పెద్ద ఖర్చు కూడా కాదు.

ఐదో మెట్టు: ఒకటి రెండు రోజులలో వచ్చిన మచ్చను నీటితో మొదలుపెట్టి పరిశీలించండి

ఇక్కడే తొందర అవసరం, ఇక్కడే తొందరపాటు ప్రమాదం. ముందు నీటిని పరీక్షించండి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే మంచిది. గుంటూరు వైపు చాలా చోట్ల బోరు నీరు కఠినంగా, క్షార గుణంతో ఉంటుంది. పీహెచ్ 7, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు ఉన్న నీటిలోకంటే, పీహెచ్ 8, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్న నీటిలో అమోనియాలోని విష భాగం పది రెట్లకు మించి ఉంటుంది. అందువల్ల జనవరిలో ఏ హానీ చేయని మోతాదు మే నెలలో చర్మాన్ని, మొప్పలను కాల్చగలదు. అలా కాలిన చోటు మానేటప్పుడు నల్లని మరకలు కనిపిస్తాయి. అవి కొత్త చారలు కావు, నీరు బాగుపడ్డాక క్రమంగా తగ్గిపోతాయి. మున్సిపల్ కుళాయి నీరు వాడేవారు క్లోరిన్ పోగొట్టే మందును, అంటే దుకాణాలలో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేటును, ప్రతి నీటి మార్పులోనూ వాడాలి.

నీరు సరిగా ఉంటే మచ్చ స్వభావాన్ని చూడండి. ఉప్పు రవ్వల్లా విడివిడిగా ఉబ్బెత్తుగా ఉన్న తెల్ల చుక్కలు ఇక్ అనే తెల్లమచ్చల వ్యాధివి. దాని కారకం ఇక్తియోఫ్తిరియస్ మల్టీఫిలిస్ అనే పరాన్నజీవి. లోచ్‌లకు, అందులోనూ క్లౌన్ లోచ్‌కు, అది ముందుగా సోకుతుంది. పక్క నుంచి టార్చి వెలుగు వేసి చూసినప్పుడు బంగారు పొడి చల్లినట్టు కనిపిస్తే అది వెల్వెట్ వ్యాధి. ఒళ్లంతా పలచని నీలి తెలుపు పొర కమ్మి, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే చర్మపు పరాన్నజీవుల వల్ల జిగురు ఎక్కువైందని అర్థం. వీపు రెక్క చుట్టూ జీను వేసినట్టు బూడిద తెలుపు మచ్చ పరచుకుంటే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి కావచ్చు. వేడి నీటిలో ఇది ఒకటి రెండు రోజులలోనే ప్రాణం తీయగలదు కనుక దీన్ని ఇక్ అని పొరబడి నీటిని వేడి చేయడం అన్నిటికంటే పెద్ద కీడు.

గసగసాల్లాంటి నల్ల చుక్కలు చర్మం లోపల పొదిగినట్టు కనిపిస్తే ఒక రకం చదును పురుగు పిల్లలు అక్కడ చేరి ఉండవచ్చు. ఆ పురుగు జీవితచక్రానికి నత్త, చేప, చేపలను తినే పక్షి మూడూ కావాలి కనుక ట్యాంకులో అది వృద్ధి చెందదు, చేపకు పెద్దగా హాని కూడా చేయదు. అయితే లోచ్‌లకు నత్తలంటే ఇష్టమని ఏలూరు కాలువలోనో, బందరు కాలువలోనో, రైవస్ కాలువలోనో నత్తలను ఏరి తెచ్చి వేసేవారు ఈ పురుగులకు తామే తలుపు తీస్తున్నారు. అలా చేయవద్దు.

గాయాన్ని కూడా మరువకూడదు. లోచ్‌లకు కంటి కింద మడిచి పెట్టుకునే ముల్లు ఉంటుంది, బెదిరితే దానిని చాపుతాయి. అది వలలో చిక్కుకుంటే చెంప చిరిగి మచ్చ పడుతుంది. చేపను వలతో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి పట్టుకోండి.

ఆరో మెట్టు: మందు తప్పనిసరి అయితే

కృష్ణా, గుంటూరు ప్రాంతాలు చేపల చెరువులకు, రొయ్యల చెరువులకు పేరుపొందినవి కనుక ఆక్వా మందుల దుకాణాలు మనకు సులభంగా అందుబాటులో ఉంటాయి. ఆ మందుల మోతాదు ఎకరాల లెక్కన రాసి ఉంటుంది. దానిని అద్దాల ట్యాంకుకు కుదించి వాడబోతే ఒక్క చుక్క తేడాతో చేపలన్నీ పోతాయి. అక్వేరియం కోసం తయారైన మందునే వాడండి, ముందుగా నీటి పరిమాణం లెక్కకట్టండి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 90, 38, 45 సెంటీమీటర్ల మూడడుగుల ట్యాంకు దాదాపు 154 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసివేస్తే అందులో నిజంగా ఉండేది 130 లీటర్ల వరకే.

లోచ్‌ల పొలుసులు అతి చిన్నవి, చర్మం సున్నితం. మలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులను అవి బాగా తట్టుకోలేవు. సీసా మీద రాసినదానిలో సగం మోతాదుతో మొదలుపెట్టి, శ్వాసను గమనిస్తూ సాగడం అనుభవజ్ఞుల పద్ధతి. మందు వేసే ముందు ఫిల్టర్‌లోని కార్బన్ తీసివేయాలి, లేకపోతే అది మందును పీల్చేస్తుంది. మిథిలీన్ బ్లూ అనే నీలి మందును ప్రధాన ట్యాంకులో వేయవద్దు, అది ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

ఇక్‌కు నీటిని మెల్లగా 30 డిగ్రీలకు తీసుకువెళ్లి పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచడం మంచి చికిత్స. చుక్కలు రాలిపోగానే చికిత్సనూ మందునూ ఆపకూడదు, ఎందుకంటే మందు నీటిలో ఈదే దశలోని జీవిని మాత్రమే చంపుతుంది, చర్మంలో ఉన్నదానిని కాదు. 25 డిగ్రీల దగ్గర దాని జీవితచక్రానికి దాదాపు ఒక వారం పడుతుంది, వేడి నీటిలో అది త్వరగా పూర్తవుతుంది. మన ఊళ్లలో మే నెలలో హీటరు లేకుండానే నీరు 30 డిగ్రీలు దాటుతుంది కనుక ఆ కాలంలో హీటరు తీసివేసి గాలి పంపు పెంచడమే పని. 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగితే, 32 డిగ్రీల నీటిలో 7.3 మిల్లీగ్రాములే కరుగుతుంది. మందు వేసిన నీటిలో ఊపిరి అందని చేప, మచ్చతో కాకుండా మందుతో పోతుంది. కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలి పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. నీటిలో మంచుముక్కలు వేయడం మాత్రం వద్దు, హఠాత్తుగా చల్లబడిన నీరే ఇక్‌కు దారి చూపుతుంది. తొలకరి వానలకూ, డిసెంబరు రాత్రులకూ ఈ వ్యాధి ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా అదే. చలి రోజులలో హీటరును 26 డిగ్రీల దగ్గర నిలపండి. జీబ్రా లోచ్ కనుమల వాగుల చేప కనుక దానికి అంతకన్నా ఎక్కువ వేడి దీర్ఘకాలం మంచిది కాదు.

ఏడో మెట్టు: పుట్టుకతో వచ్చిన వింత గుర్తులు

క్లౌన్ లోచ్ నల్ల పట్టీ నడుమ నారింజ కిటికీలాంటి ఖాళీ, రెండు పట్టీలను కలిపే వంతెన, సగంలో ఆగిపోయిన పట్టీ వంటివి కొన్ని చేపలకు పుట్టుకతోనే ఉంటాయి. అవి స్థిరంగా ఉంటాయి, చేపకు ఏ హానీ చేయవు. వీటిని అరుదైన రకమని చెప్పి ఎక్కువ ధర అడిగితే ఆ గుర్తు నచ్చితేనే ఇవ్వండి గాని, అది వేరే జాతి అనుకోవద్దు. సహజంగా ఉండని గులాబీ, ఆకుపచ్చ రంగులలో మెరిసే చేపలకు కృత్రిమంగా రంగు ఎక్కించి ఉండవచ్చు. మన దేశపు గాజు చేప పరంబాసిస్ రంగాకు సూదితో రంగు ఎక్కించి అమ్మడం అందరికీ తెలిసిన విషయమే. ఆ రంగు కొన్ని నెలలలో వెలిసిపోతుంది, ఆ ప్రక్రియలో చేపకు కలిగే బాధ, జబ్బు మాత్రం నిజమైనవి. అటువంటి చేపలను కొనకపోవడమే వాటికి చేయగలిగిన మేలు.

ఎనిమిదో మెట్టు: కొత్త చేపను కలిపే ముందు

కొత్త లోచ్‌ను మూడు నాలుగు వారాలు వేరే ట్యాంకులో ఉంచాలి. స్పాంజ్ ఫిల్టర్, ఒక కుండ పెంకు, పీవీసీ గొట్టం ముక్క ఉన్న చిన్న ట్యాంకు ఇందుకు చాలు. తెచ్చిన మొదటి రెండు రోజులు రంగు పాలిపోయి ఉంటుంది కనుక అప్పటి రూపాన్ని ప్రమాణంగా తీసుకోవద్దు, చేప మేత అందుకున్నాక తీసిన ఫొటోనే పోలికకు పనికివస్తుంది. బాగా తింటున్నా వీపు కత్తి అంచులా పలచబడుతుంటే కడుపులో పురుగులు ఉన్నట్టు అనుమానించి, చేపల వైద్యం తెలిసినవారిని సంప్రదించండి. వారి దగ్గరకు వెళ్లేటప్పుడు రెండు పక్కల ఫొటోలు, మచ్చ మొదట కనిపించిన తేదీ, నీటి పరీక్ష ఫలితాలు, ఉష్ణోగ్రత, అప్పటికే వేసిన మందుల పేర్లు, మోతాదులు రాసిన కాగితం, ట్యాంకు నీరు పట్టిన శుభ్రమైన సీసా వెంట తీసుకువెళ్లండి.